సరిహద్దు తెలుగుపై వ్యాసం: పత్రికకు రాతప్రతిని సిద్ధం చేయడం

బళ్ళారి ప్రాంతపు తెలుగు మీద ఒక పరిశోధక విద్యార్థి రాసిన వ్యాసం కొంతకాలం క్రితం ఒక భాషాశాస్త్ర పత్రిక నుంచి తిరిగి వచ్చింది. సిరుగుప్ప వైపు ఊళ్ళలో ఏడాది పాటు తిరిగి సేకరించిన సామగ్రి అది. వాదం కూడా తీసిపారేయవలసింది కాదు. అయితే పరిశీలకుడు వాదం దాకా వెళ్ళనే లేదు. మూడో ఉదాహరణలో ‘వచ్చింది’ అనే క్రియ కింద ‘స్త్రీలింగ ఏకవచనం’ అని రాసి ఉండడం చూసి, ఇది తెలుగు వ్యాకరణమా, కన్నడ వ్యాకరణమా అని పక్కన ప్రశ్న వేశాడు. ఆ తరువాతి పుటలన్నీ అతడు అనుమానంతోనే చదివినట్టు వ్యాఖ్యలను బట్టి తెలుస్తూనే ఉంది.

విద్యార్థికి కష్టం కలిగింది. రూపంలో జరిగిన చిన్న పొరపాటుకు ఇంత శిక్షా అని నన్నడిగాడు. అది చిన్న పొరపాటని నేను అనుకోలేదు. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అన్నింటికీ క్రియారూపం ఒక్కటే. ఏకవచనంలో మన విభజన మహత్తు, అమహత్తు అని. స్త్రీవాచకాలు అమహత్తుతో పోతాయి. కన్నడంలో అలా కాదు: ‘అవళు బందళు’ వేరు, ‘అదు బంతు’ వేరు. మన విద్యార్థి ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం. పై వరుసలో కన్నడ వాక్యానికి అర్థాలు రాసి, అదే చేత్తో కింది వరుసలోని తెలుగు వాక్యానికి కూడా రాసేశాడు. వ్యాసం చెప్పదలచుకొన్నది కన్నడ ప్రభావం తెలుగు వాక్యం మీద ఎంత ఉందన్న విషయం. ఆ ప్రభావం వక్తల మాటలో కన్నా ముందుగా వ్యాసకర్త పట్టికలో కనిపిస్తే, చదివేవాడు దేన్ని నమ్మాలి?

రాతప్రతి తయారీ అంటే అంచులు, పంక్తుల మధ్య ఎడం, అక్షరాల పరిమాణం అని చాలామంది విద్యార్థుల అభిప్రాయం. ఆ పని పత్రికవాళ్ళు అచ్చుకు ముందు ఎలాగూ మళ్ళీ చేస్తారు. వాళ్ళు చేయలేనిది వేరే ఉంది. ఎక్కడ అడ్డగీత పెట్టాలి, ఏ మాటను వాలు అక్షరాలలో వేయాలి, దేని కింద ఏ సంక్షిప్తం రాయాలి అన్నవి భాష తెలిసిన వ్యాసకర్త మాత్రమే తీసుకోగల నిర్ణయాలు. రెండు భాషలు పక్కపక్కన బతికే బళ్ళారి వంటి చోట వీటిలో ఒక్కటి కూడా అలంకారప్రాయం కాదు. ఇక్కడి సామగ్రితో రాసే మన విద్యార్థులకు పనికివస్తుందని ఆ నిర్ణయాలలో ముఖ్యమైనవాటిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఊరి పేరు

మొదటి చిక్కు శీర్షికలోనే ఎదురవుతుంది. ‘బళ్ళారి జిల్లా తెలుగు’ అంటే ఏ బళ్ళారి జిల్లా? 1800లో నిజాము కంపెనీకి వదలుకొన్న దత్తమండలాలలో ఈ ప్రాంతం ఒక భాగం. 1808లో బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు ఏర్పడ్డాయి. 1882లో బళ్ళారి నుంచి అనంతపురం విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి, మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా ఎవరిదన్న ప్రశ్న తేల్చడానికి ప్రత్యేకంగా జస్టిస్ మిశ్రా విచారణ జరపవలసి వచ్చింది. 2014 నవంబరు 1 నుంచి ఊరి పేరుకు అధికారిక ఇంగ్లీషు వర్ణక్రమం మారింది. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా వేరుపడింది. కాబట్టి 1950లో రికార్డయిన ‘బళ్ళారి జిల్లా’ మాట ఆదోనిది కావచ్చు, 2010 నాటిది హడగలిది కావచ్చు, ఇవాళ్టి బళ్ళారి జిల్లాలో ఆ రెండూ లేవు.

అందుచేత రాతప్రతిలో జిల్లా పేరుతో సరిపెట్టకుండా ఊరు, తాలూకా, రికార్డు చేసిన సంవత్సరం ఇవ్వాలి. మొదటి అధోజ్ఞాపికలో జిల్లా అన్న మాటను ఏ తేదీనాటి అర్థంలో వాడుతున్నదీ ఒక్క వాక్యంలో చెప్పాలి. పటం వేస్తే రాష్ట్ర సరిహద్దు గీతను, మాండలిక రేఖను ఒకే మందంలో వేయకూడదు. 1953 దాకా ఆదోని, బళ్ళారి ఒకే జిల్లా. సంతకు వెళ్ళేవాళ్ళు, పిల్లనిచ్చి పుచ్చుకొనేవాళ్ళు ఆ గీతను చూసి ఆగిపోలేదు.

ఈ జాగ్రత్తకు ఇంకొక కారణం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వెలువడి మాండలిక వృత్తిపదకోశాలకు మొదలు పెట్టింది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల సర్వే మీద ఆధారపడిన పని. బళ్ళారి అప్పటికి రాష్ట్రం వెలుపల ఉంది. ఈ వైపు రైతు నాగలి భాగాలను ఏమంటాడో ఆ కోశంలో వెదికి ప్రయోజనం లేదు. అటువంటి చోటి నుంచి ఒక విద్యార్థి పంపే పదహారు పుటల వ్యాసం కొన్ని మాటలకు ఏకైక అచ్చు ఆధారం కావచ్చు. అందులో తప్పు దొర్లితే పక్కన పెట్టి సరిచూసుకోవడానికి మరొకటి ఉండదు.

లిపి

అంతర్జాతీయ పత్రికలు రోమన్ లిపిలో ఉదాహరణలు కోరుతాయి. లిప్యంతరీకరణ అంటే రాతలోని అక్షరానికి అక్షరం ఇవ్వడం, ధ్వనిలేఖనం అంటే విన్నదాన్ని రాయడం. ఈ రెండూ వేర్వేరు. ‘పంట’లో సున్న అక్షరానికి రోమన్‌లో సమానమైన గుర్తు ఇస్తే అది మొదటిది. అక్కడ పలికేది మూర్ధన్య నాసిక్యమని గుర్తించి దానిని రాస్తే అది రెండోది. ఒకే వ్యాసంలో రెండూ కలగలిసి ఉండడం మన రాతప్రతుల్లో నేను తరచుగా చూసే లోపం. ఏది పాటిస్తున్నారో మొదట చెప్పి చివరిదాకా దానికే కట్టుబడి ఉండాలి.

దీర్ఘాల విషయంలో ఒక ఉచ్చు ఉంది. సంస్కృతం కోసం ఏర్పడిన పద్ధతిలో ‘ఏ’, ‘ఓ’లకు పైగీత పెట్టరు. సంస్కృతంలో వాటికి హ్రస్వాలు లేవు కనుక అవసరం లేదు. మనకు ‘తెగ’ వేరు, ‘తేగ’ వేరు. దీపపు ‘కొడి’ వేరు, పెరటి ‘కోడి’ వేరు. కన్నడానికీ ఇదే అవసరం. 2001లో వచ్చిన ఐఎస్‌ఓ 15919 ప్రమాణంలోనూ, ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల చిరకాల సంప్రదాయంలోనూ ఈ దీర్ఘాలకు పైగీత ఉంటుంది. సంస్కృత పాఠాల నుంచి నేర్చుకొన్న అలవాటుతో గీత వదిలేస్తే ఒక వర్ణభేదమే మాయమవుతుంది.

ఊరి పేరు ఇక్కడ కూడా చిక్కు పెడుతుంది. అధికారిక ఇంగ్లీషు రాతలో ‘ళ’కు చుక్క లేదు, దీర్ఘానికి గీత లేదు. వ్యాసం మాటల్లో ఆ అధికారిక రూపమే వాడాలి. ఉదాహరణ వాక్యంలో ఎవరైనా వక్త ‘బళ్ళారి’ అన్నప్పుడు మాత్రం చుక్కలు, గీతలు అన్నీ పడాలి. ఒకే పేరు రెండు రకాలుగా కనిపిస్తుందే అని కంగారు పడి రెండింటినీ ఒకటి చేయబోకండి. రెండూ చేసే పనులు వేరు.

‘చ’ సంగతి మరీ ముఖ్యం. తెలుగులో ‘చెవి’లోని చకారం తాలవ్యం, ‘చాలు’లోనిది దంత్యం. రాతలో ఒకటే అక్షరం. దంత్యానికి ఒకప్పుడు వాడిన ప్రత్యేకమైన ౘ, ౙ గుర్తులు యూనికోడ్‌లో 2008లో చేరాయి గానీ రోజువారీ రాతలో అవి లేవు. కన్నడానికి దంత్య చకారం లేదు. రెండు భాషలూ మాట్లాడే వక్త ‘చాలు’ను ఎలా పలుకుతాడన్నది సరిహద్దు పరిశోధనలో అడగదగిన మంచి ప్రశ్న. తెలుగు లిపిలో రాసుకొన్న నోటుపుస్తకం నుంచి నేరుగా లిప్యంతరీకరణ చేస్తే ఆ ప్రశ్నకు జవాబు రాతప్రతిలోకి రాదు. మళ్ళీ రికార్డు వినవలసిందే.

ఇక కంప్యూటరు సంబంధమైన ఒక విషయం. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వేరుపడ్డవని మనకు తెలుసు. యూనికోడ్‌లో కూడా అవి ఇరుగుపొరుగులే: తెలుగుకు 3072 నుంచి 3199 దాకా, కన్నడానికి 3200 నుంచి 3327 దాకా సంఖ్యలు కేటాయించారు. ఒక్కొక్క దానికి 128 గదులు. తెలుగు ‘అ’ 3077 అయితే కన్నడ ‘అ’ సరిగ్గా 128 కలిపితే వచ్చే 3205. రెండు కీబోర్డులూ మార్చి మార్చి వాడేవారికి తెలుగు మాట మధ్యలో ఒక కన్నడ అక్షరం చొరబడడం సులభం. ‘ల’, ‘న’, ‘గ’ వంటివి కాగితం మీద కంటికి పట్టుబడవు. ఒకసారి నా సొంత పదపట్టికలో ‘కాలు’ రెండు చోట్ల, చాలా దూరంలో, రెండు వేర్వేరు మాటలుగా తేలింది. రెండు రోజులు అర్థభేదం కోసం వెదికాను. చివరకు ఒకదానిలో లకారం పొరుగింటిదని తేలింది. రాతప్రతి పంపే ముందు కన్నడ పరిధిలోని అక్షరాలన్నింటినీ ఒకసారి వెదికించి చూడడం పది నిమిషాల పని.

పాత అను ఫాంట్లలో తెలుగు, నుడిలో కన్నడం టైపు చేసి దాచుకొన్న సామగ్రి చాలామంది దగ్గర ఉంది. వాటిని యూనికోడ్‌కు మార్చాకే పంపాలి. మార్చే సాధనాలు ఒత్తుల దగ్గర తడబడతాయి కనుక మార్చిన తరువాత మూలంతో మాటమాటా పోల్చి చూసుకోవాలి. వర్డు ప్రతితో పాటు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ప్రతి కూడా పంపితే అవతలివారు ఏది కనిపించాలో పోల్చి చూసుకోగలుగుతారు.

ఉదాహరణ వాక్యం

భాషాశాస్త్ర వ్యాసంలో ఉదాహరణకు సాధారణంగా మూడు పంక్తులు ఉంటాయి: పదాంశాలుగా విడదీసిన వాక్యం, దాని కింద గ్లాస్ అని పిలిచే పదాంశార్థాల పంక్తి, ఆ కింద ఒంటి ఉద్ధరణ చిహ్నాలలో అనువాదం. విడదీయని వాక్యాన్ని అన్నిటికన్నా పైన నాలుగో పంక్తిగా ఇవ్వడం సరిహద్దు భాషలకు మంచిదని నా అభిప్రాయం. ఎందుకో కింద చెబుతాను. జర్మనీలోని లైప్‌జిగ్‌లో రూపొందిన పది గ్లాసింగ్ నియమాలను ఇప్పుడు ఎక్కువ పత్రికలు అనుసరిస్తున్నాయి. వాటి సారాంశం సులభమే. పై పంక్తిలో ఎన్ని అడ్డగీతలున్నాయో కింది పంక్తిలో అన్నే ఉండాలి. ఒక పదాంశానికి రెండు అర్థాలు చెప్పవలసి వస్తే వాటి మధ్య చుక్క పెట్టాలి. మాటకు అంటుకొని వచ్చే నిపాతానికి అడ్డగీత బదులు సమాన చిహ్నం పెట్టాలి. ‘వచ్చినాడా’లోని ప్రశ్నార్థకం, ‘రాముడే’లోని అవధారణ ఈ చివరి కోవలోకి వస్తాయి.

ఒక జంట వాక్యాలు చూద్దాం. ఇవి వివరణ కోసం నేను కూర్చినవి, ఎవరి నోటి నుంచీ రికార్డు చేసినవి కావు. అనువాదం పంక్తి ఇక్కడ అవసరం లేదు కనుక వదిలేస్తున్నాను.

తెలుగు:
ఆమె  నిన్న  ఊరి-కి  వచ్చ్-ఇం-ది
ఆమె  నిన్న  ఊరు.ఔప-చతుర్థి  వచ్చు-భూత-అమహత్.ఏక

కన్నడం:
అవళు  నిన్నె  ఊర్-ఇగె  బం-ద్-అళు
ఆమె  నిన్న  ఊరు-చతుర్థి  వచ్చు-భూత-స్త్రీ.ఏక

క్రియల చివర తేడా ముందే చెప్పుకొన్నాం. ‘ఊరు’ దగ్గర అడ్డగీతలు ఒకే చోట లేకపోవడం గమనించండి. చూపుకు ‘ఊరికి’, ‘ఊరిగె’ అచ్చంగా ఒకటే. రెండింటినీ ‘ఊరి-కి’, ‘ఊరి-గె’ అని విడదీస్తే పట్టిక అందంగా ఉంటుంది, తప్పుగానూ ఉంటుంది. తెలుగులో ‘ఊరి’ అనేది విభక్తి చేరడానికి ముందే ఉన్న ఔపవిభక్తిక రూపం. ‘ఊరి పెద్ద’, ‘ఊరి చెరువు’ అంటాం. కన్నడంలో షష్ఠి ‘ఊరిన’ లేదా ‘ఊర’. అక్కడ ‘ఊరి’ అనే విడి రూపం లేదు, ఇకారం ప్రత్యయానిది. అడ్డగీతను ఒక్క అక్షరం ఇటు జరిపితే రెండు భాషల నామరూప వ్యవస్థలు ఒకటేనని చెప్పినట్టవుతుంది. అది నిరూపించవలసిన విషయం. టైపు చేసేటప్పుడు తీర్మానించేది కాదు.

పదాల మధ్య ఎడం కూడా ఇటువంటిదే. రాయలసీమలో వినిపించే ‘వస్తాండాడు’ను కొందరు ఒకే మాటగా రాస్తారు, కొందరు ‘వస్తా ఉండాడు’ అని రెండుగా రాస్తారు. పక్కన కన్నడ ‘బర్తా ఇద్దానె’ను పెట్టి చూస్తే రెండో రాత దానికి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ‘ఇది కన్నడ ఒరవడి’ అని రాయడానికి చెయ్యి ఉరకలు వేస్తుంది. కాని ‘వచ్చుచు ఉన్నాడు’ అన్న నిర్మాణం తెలుగుకు పాతదే, దాని కోసం ఎవరి ఇంటికీ వెళ్ళనక్కర లేదు. వక్త నిజంగా రెండుగా పలికాడా, కలిపి పలికాడా, మధ్యలో ‘ఏ’, ‘ఊ’ వంటి నిపాతం దూరడానికి వీలుందా అన్నది చూసి రాయాలి. పైన నాలుగో పంక్తి మంచిదన్నది ఇందుకే. విడదీయని రూపం విన్నది విన్నట్టు ఒక పంక్తిలో ఉంటే, కింద మన విభజనతో ఏకీభవించనివారు తమ విభజన తాము చేసుకోవచ్చు.

సర్వనామాలకు కూడా ఒక మాట. తెలుగు ‘మేము’, ‘మనము’ రెండింటి కిందా ఉత్తమపురుష బహువచనం అని ఒకే సంక్షిప్తం రాసిన రాతప్రతులు చూశాను. కన్నడ ‘నావు’కు అది చాలు. మనకు చాలదు. ద్విభాషుల తెలుగులో ఈ భేదం నిలిచిందా సడలిందా అన్నది ఎవరైనా తరువాత మన సామగ్రి నుంచి తేల్చుకోవాలనుకొంటే, సంక్షిప్తం దగ్గరే దారి మూసుకుపోతుంది.

కూర్చిన వాక్యం, రికార్డు చేసిన వాక్యం, అడిగి చెప్పించుకొన్న వాక్యం మూడింటినీ వేరుగా గుర్తించాలి. ప్రతి ఉదాహరణ చివర రికార్డు సంఖ్య, నిమిషం, వక్త సంకేతం ఉండాలి. నక్షత్రం గుర్తు పునర్నిర్మిత రూపానికీ, వ్యాకరణ విరుద్ధ వాక్యానికీ రెండింటికీ వాడుకలో ఉంది. ద్రావిడ చరిత్ర, నేటి వాక్యం రెండూ చర్చించే వ్యాసంలో దేనికి ఏ అర్థమో సంక్షిప్తాల పట్టికలో చెప్పాలి.

ఏది ఏ భాష మాట?

తెలుగు వాక్యంలో వచ్చిన కన్నడ మాటలను ముదురు అక్షరాలలో వేయాలని కొన్ని పత్రికలు కోరుతాయి. మామూలు చోట్ల ఇది యాంత్రికమైన పని. ఇక్కడ మాత్రం ఒక్కొక్క మాట దగ్గరా చేతులు ఆగుతాయి.

‘దొడ్డ’ తీసుకోండి. కన్నడంలో పెద్ద అనడానికి రోజువారీ మాట అదే. బళ్ళారి తెలుగులో అది వినిపించగానే ఎరువని ముద్ర వేస్తారు. బ్రౌను 1852 నిఘంటువులో ‘దొడ్డ’ తెలుగు మాటగానే ఉంది. ‘దొడ్డ మనసు’ అని ఏ జిల్లావాళ్ళయినా అంటారు. కాబట్టి మాట ఎరువని కాకుండా, ఇతర ప్రాంతాలలో ‘పెద్ద’ వచ్చే చోట్ల ఇక్కడ ‘దొడ్డ’ ఎంత తరచుగా వస్తుందో లెక్క చూపాలి. ‘బేగ’ ఇంకొకటి. త్వరగా అన్న అర్థంలో కన్నడంలో సాధారణం. బళ్ళారిలో వింటే కన్నడమే అంటాం. శ్రీకాకుళంవారు ‘బేగి రా’ అంటారు కదా, వాళ్ళకు కన్నడం ఎక్కడ తగిలింది?

గట్టిగా చెప్పగలిగిన మాటలూ ఉన్నాయి. ప్రాచీన కన్నడంలోని పదాది పకారం తరువాతి కాలంలో హకారమైంది. మన ‘పాలు’, ‘పులి’, ‘పొలం’ అక్కడ ‘హాలు’, ‘హులి’, ‘హొల’. పంపా పేరు హంపి అయింది ఈ మార్పు వల్లనే. తెలుగు వాక్యంలో ‘హొల’ వస్తే అది కన్నడం నుంచే వచ్చింది, అదీ ఆ మార్పు తరువాతే. అటువంటి చోట ముదురు అక్షరాలు నిస్సంకోచంగా వేయవచ్చు. ‘ఊరు’ వంటివి రెండు భాషలకూ పుట్టినప్పటి నుంచి సొంతం. కలగలుపు వాక్యంలో వాటికి ‘ఉభయ’ అని మూడో గుర్తు పెట్టుకోవడం నిజాయితీ. పత్రిక పద్ధతిలో అటువంటి గుర్తు లేకపోతే సంపాదకుడికి లేఖ రాసి అడగవచ్చు. నాకు తెలిసినంతలో కారణం చెబితే కాదనేవారు తక్కువ.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ప్రాంతంలో ఏ మాట ఎవరిది, ఏ ఊరు ఎవరిది అన్న ప్రశ్నలు విశ్వవిద్యాలయంలో పుట్టినవి కావు. 1953కు ముందు మాతృభాష లెక్కలు పట్టుకొనే ఇరుపక్షాలూ వాదించుకొన్నాయి. మన పట్టికలోని ‘కన్నడ ప్రభావం’ అనే శీర్షికను రేపు ఎవరైనా వేరే పనికి వాడుకోవచ్చు. ప్రమాణం చూపగలిగినంత వరకే ఆ శీర్షిక కింద రాయాలి.

వక్తల పట్టికలో ‘మాతృభాష’ అనే ఒక్క గడి కూడా ఇటువంటి ఇబ్బందే పెడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో కొంత ఉర్దూ మాట్లాడే మనిషి ఆ గడిలో ఏం రాయించాలి? అవ్వతో ఏ భాష, పిల్లలతో ఏ భాష, బ్యాంకులో ఏ భాష, చదవడం రాయడం దేనిలో అని విడి గడులు పెడితే పట్టిక పొడుగవుతుంది గానీ వ్యాసానికి బలం వస్తుంది. వక్తల పేర్లు ఇవ్వకూడదు. వారి అనుమతి తీసుకొన్నట్టు ఒక వాక్యం ఉండాలి.

సరిహద్దు సామగ్రిని అచ్చులో అమర్చడానికి మంచి నమూనా కావాలంటే గంపర్జ్, విల్సన్ 1971లో ప్రచురించిన కుప్వార్ వ్యాసం చూడాలి. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని ఆ ఊళ్ళో మరాఠీ, ఉర్దూ, కన్నడం, తెలుగు నాలుగూ ఉన్నాయి. మూడు భాషల వాక్యాలను ఒకదాని కింద ఒకటి, మాట కింద మాట నిలిపి చూపడంతోనే వారి వాదం సగం ముగిసింది. మన దురదృష్టం, ఆ పోలికలో ప్రధాన స్థానం తెలుగుకు దక్కలేదు. ఆ వ్యాసం మీద తరువాత చాలా చర్చ జరిగింది. సోనల్ కులకర్ణి-జోషి అదే ఊరి భాషను మళ్ళీ పరిశీలించి 2016లో తన ఫలితాలు ప్రచురించారు. ఏ ఊరు, ఏ వర్గం, ఏ వాక్యం అని మొదటివారు రాసి పెట్టారు కాబట్టే రెండోవారికి వీలయింది.

మిగిలిన పనులు

పేర్ల విషయంలో మనకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. భాషాశాస్త్ర పత్రికల సంపాదకులు 2007లో ఒప్పుకొన్న ఉమ్మడి పద్ధతి ప్రకారం ఉపయుక్త గ్రంథాలలో రచయితల పూర్తి పేర్లు ఇవ్వాలి, పొడి అక్షరాలు చాలవు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. పాశ్చాత్య పద్ధతి చివరి మాటను ఇంటిపేరుగా పట్టుకొంటుంది. భద్రిరాజువారు ప్రపంచమంతటా కృష్ణమూర్తిగానే ఉదహరింపబడుతున్నారు, ఇప్పుడు దాన్ని మార్చబోతే అయోమయమే మిగులుతుంది. బళ్ళారివైపు చాలామందికి పేరు ముందు ఊరి పేరు, తండ్రి పేరు ఉంటాయి. వాటిని ఇంటిపేరనుకోకూడదు. బళ్ళారి రాఘవను ‘బళ్ళారి’ కింద చేర్చిన పట్టిక ఒకటి నేను చూశాను. ఆయన తాడిపత్రి రాఘవాచార్యులు. ఏ పద్ధతి పాటించినా ఒక రచయిత వ్యాసమంతటా ఒకే పేరుతో కనిపించాలి.

పరిశీలకులకు పంపే ప్రతిలో రచయిత పేరు ఉండకూడదు. కృతజ్ఞతలు, ‘నా 2012 వ్యాసంలో’ వంటి మాటలు, ఫైలు లక్షణాలలో దాక్కొని ఉండే పేరు తీసివేయాలి. బళ్ళారి తెలుగు మీద పని చేసేవారే కొద్దిమంది కనుక ఊరి పేరు చూసి మనిషిని పోల్చుకొనేవారు ఉంటారు. దానికి మనం చేయగలిగింది లేదు. సంగ్రహం పత్రిక చెప్పిన పదాల పరిమితిలో ఉండాలి. ఉదాహరణలకు వరుస సంఖ్యలు చేత్తో వేయకుండా కంప్యూటరుకే వదిలేస్తే, మధ్యలో ఒకటి తీసేసినప్పుడు వ్యాసమంతా చెదిరిపోదు. తిరువనంతపురం నుంచి 1972లో మొదలైన అంతర్జాతీయ ద్రావిడ భాషాశాస్త్ర పత్రికకు పంపేవారు, అంతకన్నా పాతదైన ఇండియన్ లింగ్విస్టిక్స్‌కు పంపేవారు ముందుగా ఆ పత్రికల ఇటీవలి సంచిక ఒకటి పక్కన పెట్టుకొని ఉదాహరణల అమరికను పోల్చి చూసుకోవాలి. సూచనల పత్రంలో లేనివి సంచికలో కనిపిస్తాయి.

అచ్చుప్రతి దిద్దడానికి సాధారణంగా కొద్ది రోజులే ఇస్తారు. ఆ రోజుల్లో వచనం చదువుతూ కూర్చోవద్దు, దానిని ఇంకొకరు చదివి పెడతారు. మీరు ఉదాహరణలే చదవండి: అడ్డగీతలు రెండు పంక్తుల్లో సరిపోయాయా, అర్థాలు తమ పదాంశాల కిందే నిలిచాయా, మూర్ధన్యాల కింది చుక్కలు రాలిపోయాయా అని. చుక్కలు రాలిపోవడం నేను ఊహించి చెబుతున్నది కాదు. నా తొలి వ్యాసాలలో ఒకదానిలో ‘ళ’ల చుక్కలన్నీ అచ్చులో పోయాయి. అందులోని ‘కళ్ళు’ను ‘కల్లు’గా చదువుకొన్నవారు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. దిద్దిన ప్రతిని తిప్పి పంపే ముందు మీ దగ్గర ఒక నకలు ఉంచుకోండి.

తిరిగి వచ్చిన ఆ వ్యాసంలో నలభై రెండు ఉదాహరణలున్నాయి. విద్యార్థి వాటన్నింటినీ రికార్డులు మళ్ళీ వింటూ మొదటి నుంచి రాస్తున్నాడు. తెలుగు వాక్యాలు ఒక రోజు, కన్నడ వాక్యాలు మరొక రోజు చేయమని చెప్పాను.